రెండో డబ్బాలో పేరు: ఒక ఇండిపెండెంట్ అభ్యర్థి కేస్ స్టడీ

2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఒక జనరల్ నియోజకవర్గం నుంచి ఒక మాజీ సర్పంచ్ ఇండిపెండెంట్‌గా పోటీ చేశారు. ఆమెకు నేను ఎన్నికల ఏజెంట్‌ని. హనుమకొండ కోర్టులో వకీలుగా పనిచేస్తూ నామినేషన్ కాగితాలు, అఫిడవిట్లు చూసిపెట్టడం చాలా ఏళ్లుగా చేస్తున్నాను. కానీ నామినేషన్ నుంచి ఖర్చుల లెక్క అప్పజెప్పేదాకా ప్రతి రోజూ ఒక అభ్యర్థి పక్కన నిలబడింది ఈ ఒక్క కేసులోనే. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేరు, ఊరు, నియోజకవర్గం చెప్పను. ఆమెకు సంతకాలు పెట్టినవాళ్లు ఇంకా ఆ ఊళ్లోనే బతకాలి. నేను ఆమెను అక్క అని పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను.

అక్క 2013 జూలై పంచాయతీ ఎన్నికల్లో ఉంగరం గుర్తు మీద గెలిచి అయిదేళ్లు సర్పంచ్‌గా చేసింది. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు. అందుకే అప్పుడు ఆమెకు ఏ జెండా అవసరం పడలేదు. ఊరి చెరువు శిఖం భూమిని, అంటే నీళ్లు నిలిచే నేలను, కొందరు చదును చేసి ప్లాట్లు వేస్తుంటే 2016లో ఊరి జనంతో కలిసి రోడ్డు మీద కూర్చుంది. శిఖం నిలిచింది. రాస్తారోకో చేసినందుకు ఆమె మీద కేసు మిగిలింది. ఈ కేసు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

2023 అక్టోబర్ 9న షెడ్యూల్ వచ్చింది. ఆ వారంలోనే అక్క నా దగ్గరికి వచ్చింది. అప్పటికే రెండు పెద్ద పార్టీల వాళ్లను కలిసి వచ్చింది. "తమ్మీ, ఎంత పెట్టుకుంటవ్ అని అడిగిండ్రు. ఊర్లకు ఏం చేస్తవ్ అని ఒక్కరు గూడ అడగలే," అన్నది. ఈ మాట నేను ఇంతకు ముందు కూడా విన్నాను, వేరే నియోజకవర్గాల వాళ్ల నోట.

టికెట్ గురించి చట్టం ఏం చెబుతుందో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే అది దాదాపు ఏమీ చెప్పదు. పార్టీ తరఫున సంతకం పెట్టే అధికారం ఎవరిదో ఫారం ఏ చెబుతుంది. ఆ సంతకంతో ఎవరు అభ్యర్థో ఫారం బి చెబుతుంది. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటలలోపు ఆ రెండూ రిటర్నింగ్ అధికారికి చేరాలి. అంతే. కార్యకర్తలు ఓటు వేసి ఎన్నుకున్నారా, ఎవరినైనా అడిగారా, డబ్బు మారిందా అని ఎవరూ చూడరు. లక్షల మంది ఓటర్లు ఎవరెవరి మధ్య ఎంచుకోవాలో ఒక సంతకం తేల్చేస్తుంది. అసలు మన రాజ్యాంగంలో రాజకీయ పార్టీ అనే మాటే 1985 దాకా లేదు. ఫిరాయింపుల నిరోధం కోసం 52వ సవరణ చేసినప్పుడు ఆ మాట లోపలికి వచ్చింది. అది కూడా గెలిచినవాళ్లను పార్టీ మాటకు కట్టేయడానికే. పార్టీని ఓటరుకు జవాబుదారీ చేయడానికి రాసిన వాక్యం అందులో లేదు.

సమాచార హక్కు దారి కూడా మూసుకుపోయింది. 2013 జూన్‌లో కేంద్ర సమాచార కమిషన్ ఆరు జాతీయ పార్టీలూ ప్రజా సంస్థలేనని, సమాచారం అడిగితే ఇవ్వాలని తేల్చింది. ఏ పార్టీ అమలు చేయలేదు. ఒక గ్రామ పంచాయతీని బోరు మోటారు బిల్లు అడిగితే ముప్పై రోజుల్లో ఇవ్వాలి. అక్క సర్పంచ్‌గా ఉన్నప్పుడు అలాంటి దరఖాస్తులకు జవాబులు రాసింది. ఆమెను "ఎంత పెట్టుకుంటవ్" అని అడిగిన పార్టీలకు ఆ బాధ్యత లేదు.

పది సంతకాలు

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి నామినేషన్‌లో ఒక్క ప్రపోజర్, అంటే పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టే ఓటరు, చాలు. ఇండిపెండెంట్‌కు, గుర్తింపు లేని చిన్న పార్టీ అభ్యర్థికి నియోజకవర్గ ఓటర్లే పది మంది కావాలి. 1996 సవరణ నుంచి ఇది నడుస్తోంది. వినడానికి పది చిన్న లెక్కే. అక్కకు పదేం ఖర్మ, వంద మంది దొరుకుతారనుకున్నాను.

దొరికారు కూడా. కానీ సంతకం పెట్టిన రెండో రోజే ఇద్దరు అక్క ఇంటికి వచ్చి కూర్చున్నారు. ఒకరికి ఆసరా పింఛన్ వస్తుంది. ఇంకొకరి కొడుకు ఒక ప్రభుత్వ పథకం లిస్టులో పేరు కోసం ఎదురుచూస్తున్నాడు. ఊళ్లోని ఒక పార్టీ నాయకుడు పిలిచి, "ఆమె కాగితం మీద నీ పేరెట్ల వచ్చింది?" అని అడిగాడట. బెదిరింపు అని రాసుకోవడానికి అందులో ఒక్క మాట లేదు. ఫిర్యాదు ఇస్తే నిలబడదు. కానీ ఆ ముసలాయన చేతులు వణకడం నేను చూశాను. ప్రపోజర్ల పేర్లు నామినేషన్ పత్రంలోనే ఉంటాయి, ఆ పత్రం ఎవరైనా చూడొచ్చు. పది మంది అనే నిబంధన పనికిమాలిన పోటీని ఆపడానికి పెట్టామంటారు. పల్లెలో అది అవతలివాళ్ల చేతికి అందించిన లిస్టు అవుతుంది.

అభ్యర్థి గరిష్ఠంగా నాలుగు సెట్ల నామినేషన్లు వేయొచ్చు, ఒక్కటి చెల్లినా చాలు. మేము వేర్వేరు ఊళ్ల నుంచి ముప్పై మందితో మూడు సెట్లు వేశాం. భయపడిన ఇద్దరినీ వదిలేశాం. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి ఇండిపెండెంట్‌కూ ఇదే చెబుతున్నాను: మూడు సెట్లకు తగ్గొద్దు, మూడూ ఒకే ఊరివి కావద్దు, ఒక్కొక్కరి ఓటరు సీరియల్ నంబరు మీ కళ్లతో మీరే సరిచూడండి. పార్ట్ నంబరు ఒక్క అంకె తప్పు పడితే పరిశీలన రోజు అవతలి వకీలు దాన్ని పట్టుకుంటాడు.

ఆస్తులు, అప్పులు, కేసులు చెప్పే ఫారం 26 అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలకూడదు. 2013 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టం చేసింది. లేకపోతే లేదు అని రాయాలి, గీత గీస్తే కుదరదు. అక్కకు ఒక ఇల్లు, రెండెకరాలు, కొంచెం బంగారం, మహిళా సంఘం అప్పు. రాయడానికి గంట పట్టలేదు. ఇబ్బందంతా కేసుల గడి దగ్గర వచ్చింది. పెండింగ్ కేసు ఉన్న అభ్యర్థి ఆ వివరాలను ప్రచార కాలంలో మూడుసార్లు పేపర్లో, మూడుసార్లు టీవీలో ప్రకటన ఇచ్చుకోవాలి. నేరస్తుల మీద పెట్టిన మంచి నిబంధన అది, నేను దాని పక్షమే. కానీ చెరువు కోసం రోడ్డెక్కిన మనిషికీ, కబ్జా కేసులు పది ఉన్న మనిషికీ ప్రకటన రేటు ఒకటే. అది అభ్యర్థి ఖర్చు. మా మొత్తం ప్రచార ఖర్చులో పెద్ద ముక్క ఆ ప్రకటనలే తిన్నాయి. "నా పైసలతోటి నన్ను నేనే దొంగను అని పేపర్ల ఏసుకుంటున్న," అని అక్క ఆ రోజు ఏడ్చింది.

నామినేషన్ల గడువు నవంబర్ 10. పరిశీలన 13న, దీపావళి మరునాడు. పెద్ద పార్టీల అభ్యర్థుల వెంట ముగ్గురేసి వకీళ్లు వచ్చారు. అక్క వెంట నేను ఒక్కడినే. మూడు సెట్లలో ఒకదాని మీద అభ్యంతరం వచ్చింది, మిగతా రెండూ నిలిచాయి. 14 రాత్రి ఒకాయన వచ్చి, విత్‌డ్రా చేసుకుంటే గెలిచాక మంచి పదవి చూస్తామన్నాడు. అక్క మంచినీళ్లు ఇచ్చి పంపింది.

గుర్తు

నవంబర్ 15 మధ్యాహ్నం మూడు గంటలకు ఉపసంహరణ గడువు ముగిసింది. అప్పటిదాకా అక్కకు గుర్తు లేదు. పెద్ద పార్టీల గుర్తులు గోడల మీద, కండువాల మీద, పసిపిల్లల నోట్లో ఏళ్లుగా ఉన్నాయి. పోలింగ్ నవంబర్ 30. ప్రచారం 28 సాయంత్రం అయిదుకు బంద్. మాకు మిగిలింది పదమూడు రోజులు.

ఇండిపెండెంట్ తన నామినేషన్‌లో ఖాళీ గుర్తుల జాబితా నుంచి మూడు కోరుకోవాలి. అక్క కుట్టు మిషన్, ప్రెషర్ కుక్కర్, గ్యాస్ సిలిండర్ అడిగింది. గుర్తింపు లేకపోయినా రిజిస్టర్ అయిన పార్టీ అభ్యర్థికి ఇండిపెండెంట్ కంటే ముందు వరస. మొదటి కోరిక అలా పోయింది. రెండోదానికి ఇంకో ఇండిపెండెంట్ కూడా అడిగి ఉన్నాడు. చీటీ తీస్తే అతనికి వచ్చింది. చివరికి సిలిండర్ మిగిలింది.

గుర్తుల సంగతి చిన్నదని ఎవరైనా అంటే తెలంగాణ అనుభవం చూపిస్తాను. తన కారు గుర్తును పోలి ఉన్నాయంటూ రోడ్డు రోలర్, చపాతీ రోలర్ లాంటి గుర్తుల మీద టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్) ఏళ్ల తరబడి పోరాడింది. 2020 దుబ్బాక ఉప ఎన్నికలో మెజారిటీ 1,079 ఓట్లు, చపాతీ రోలర్ గుర్తున్న ఇండిపెండెంట్‌కు మూడు వేల పైచిలుకు పడ్డాయి. అలాంటి ఓటమి తగిలినవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ 2022 మునుగోడు ఉప ఎన్నికలో ఏం జరిగిందో కూడా చూడాలి. ఒక చిన్న పార్టీ అభ్యర్థికి కేటాయించిన రోడ్డు రోలర్‌ను రిటర్నింగ్ అధికారి మార్చేశారు. ఎన్నికల సంఘం జోక్యం చేసుకుని గుర్తు తిరిగి ఇప్పించి, ఆ అధికారిని తప్పించింది. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కూడా ఆ గుర్తులు తీసేయమనే పిటిషన్‌ను ఒప్పుకోలేదు. పెద్ద పార్టీ తన గుర్తు కోసం ఢిల్లీ దాకా వెళ్లగలదు. మా అక్కకు సిలిండర్ బొమ్మ సరిగ్గా అచ్చు కాలేదని చెప్పుకోవడానికి కలెక్టరేట్ దాకా బస్సు ఎక్కాలి.

ఓటింగ్ మిషన్ మీద పేర్ల వరస కూడా చట్టం ప్రకారమే మూడు గుంపులు: ముందు గుర్తింపు పొందిన పార్టీలు, తర్వాత రిజిస్టర్ అయిన పార్టీలు, చివర ఇండిపెండెంట్లు. ఒక్కో గుంపులో అక్షర క్రమం. ఒక బ్యాలెట్ యూనిట్‌లో పదహారు మీటలు ఉంటాయి, నోటాకు ఒకటి పోతే పదిహేను. మా దగ్గర అభ్యర్థులు అంతకంటే ఎక్కువ మంది. అక్క పేరు రెండో యూనిట్‌లో పడింది. "రెండో డబ్బా, సిలిండర్" అని ఊరూరా చెప్పడమే మా ప్రచారంలో సగం అయిపోయింది. చెరువుల గురించి చెప్పాల్సిన నోరు అది.

డబ్బు

పెద్ద రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి 40 లక్షలు. అక్కకు ఆ పరిమితి ఏ మాత్రం అడ్డు కాదు, మాకు అయిదు లక్షలు కూడగట్టడమే గగనమైంది. అడ్డు ఎక్కడంటే, పార్టీ ఖర్చుకు పరిమితే లేదు.

ఇది అనుకోకుండా జరిగింది కాదు. 1974 అక్టోబర్‌లో కన్వర్ లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు, అభ్యర్థి కోసం పార్టీ పెట్టే ఖర్చు అభ్యర్థి లెక్కలోనే పడాలని చెప్పింది. కొద్ది రోజులకే ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, తర్వాత చట్టం చేసి ఆ తీర్పును పక్కన పెట్టింది. 2003లో కొంచెం సవరించారు. అయినా ఇవాళ్టికీ స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణ ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదు. గుర్తింపు పొందిన పార్టీకి నలభై మంది స్టార్లు, రిజిస్టర్ అయిన చిన్న పార్టీకి ఇరవై మంది. ఇండిపెండెంట్‌కు సున్నా. అభ్యర్థి పేరు, ఫోటో లేకుండా పార్టీ ఇచ్చే పేజీ ప్రకటన కూడా పార్టీ ఖాతాలోకే పోతుంది. ఆ పదమూడు రోజుల్లో మా నియోజకవర్గంలో హెలికాప్టర్ దిగిన మధ్యాహ్నం, మేము ఒక ఆటోకు మైకు కట్టి దాని పర్మిషన్ కాగితం అద్దానికి అంటించి తిరుగుతున్నాం. ఆ ఆటో కిరాయి, మైకు, డ్రైవర్ భోజనం అంతా జిల్లా రేట్ల పట్టిక ప్రకారం అక్క లెక్కలో పడింది. హెలికాప్టర్ ఏ అభ్యర్థి లెక్కలోనూ పడలేదు.

విరాళాల దగ్గరా ఇదే తేడా. పార్టీకి చందా ఇచ్చిన మనిషికి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది. పార్టీ ఆదాయానికీ, షరతులు పాటిస్తే, పన్ను లేదు. అక్కకు వెయ్యి రూపాయలు ఇచ్చిన టీచర్‌కు ఏ మినహాయింపూ లేదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసిన ఎలక్టోరల్ బాండ్లు, అంటే ఇచ్చినవాళ్ల పేరు బయటికి రాకుండా పార్టీకి చందా ఇచ్చే పత్రాలు, కూడా క్రితం ఎన్నికల్లో కనీసం ఒక శాతం ఓట్లు తెచ్చుకున్న రిజిస్టర్డ్ పార్టీలకు మాత్రమే దక్కేవి. లెక్కలు బయటపడ్డాక మన రాష్ట్రంలో పుట్టిన పార్టీ ఒక్కదానికే 1,200 కోట్లకు పైగా వచ్చాయని తేలింది. తీర్పు వచ్చేనాటికి మా ఎన్నిక అయిపోయి రెండున్నర నెలలు.

ఇంకొన్ని చిన్న విషయాలు ఉన్నాయి. చిన్నవే, కానీ అన్నీ ఒకే వైపు మొగ్గుతాయి. ఓటరు జాబితా కాపీలు గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులకు ఉచితం. జాబితాల సవరణ సమయంలో బూత్ స్థాయి ఏజెంట్లను పెట్టుకునే వీలు ఆ పార్టీలకే. ఆకాశవాణి, దూరదర్శన్‌లలో ఉచిత ప్రసార సమయం వాటికే. మిషన్ల మొదటి తనిఖీకి పిలిచేది వాటి ప్రతినిధులనే. పోలింగ్ కేంద్రంలో ఏజెంట్లు కూర్చునే వరసలో కూడా ముందు కుర్చీలు వాళ్లవే.

అవతలి వాదన కూడా న్యాయంగా చెప్పాలి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది పోటీ చేశారు, అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. ఎన్నికల యంత్రాంగానికి అది నిజంగా భారమే. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో ఇండిపెండెంట్లను పోటీ నుంచే తప్పించాలని సిఫారసు చేసింది. కాగితం మీదే బతికే పార్టీలూ ఉన్నాయి. ఆరేళ్లుగా ఏ ఎన్నికలోనూ పోటీ చేయని 334 పార్టీలను 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం జాబితా నుంచి తీసేసింది. ఇవన్నీ నిజాలే. అయితే నిజామాబాద్ రైతులు గెలవడానికి నిలబడలేదు. పసుపు బోర్డు కోసం నామినేషన్ పత్రాన్నే అర్జీ కాగితం చేసుకున్నారు. చివరికి ఆ బోర్డు 2025లో నిజామాబాద్ కేంద్రంగానే మొదలైంది. ఆ 185 పేర్ల బ్యాలెట్‌ను ఎగతాళి చేసినవాళ్లతో నేను ఏకీభవించలేను.

డమ్మీల బెడద మాత్రం మమ్మల్ని నిజంగా దెబ్బతీసింది. పెద్ద పార్టీలే ఓట్లు చీల్చడానికి, కౌంటింగ్ హాల్లో అదనపు ఏజెంట్లను కూర్చోబెట్టుకోవడానికి ఇండిపెండెంట్లను నిలబెడతాయని ఊళ్లో అందరికీ తెలుసు. అందుకే ప్రతి గ్రామంలో అక్కకు ఎదురైన మొదటి ప్రశ్న, "నిన్ను ఎవరు నిలబెట్టిండ్రు?" ఎవరూ నిలబెట్టలేదు అంటే నమ్మినవాళ్లు తక్కువ.

పోలింగ్, కౌంటింగ్

మాకు 270 పైచిలుకు పోలింగ్ కేంద్రాలు. అన్నిటిలో ఏజెంట్‌ను పెట్టాలంటే, మధ్యలో మార్చేవాళ్లతో కలిపి అయిదు వందల మంది కావాలి. పొద్దున అయిదున్నరకు మాక్ పోల్‌కు, అంటే పోలింగ్ ముందు మిషన్‌ను పరీక్షించే ఉత్తుత్తి ఓటింగ్‌కు, చేరాలి, సాయంత్రం మిషన్ సీలు వేసేదాకా ఉండాలి. మేము అరవై చోట్ల పెట్టగలిగాం. ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసిన ఫారం 17సి కాపీ అక్కడున్న ఏజెంట్ చేతికే ఇస్తారు. మిగతా 210 కేంద్రాల కాపీలు మా దగ్గర లేవు. కౌంటింగ్ రోజు టేబుల్ మీద చదివే అంకెను సరిపోల్చుకోవడానికి మా చేతిలో కాగితం లేదు. లెక్క తప్పిందని నేను అనడం లేదు. సరిచూసుకునే హక్కు చట్టం ఇచ్చినా, దాన్ని వాడుకునే మనుషుల బలం పార్టీలకే ఉందని చెబుతున్నాను. పోలింగ్ ముందు రెండు రాత్రులు ఊళ్లలో ఏం పంచారో వరంగల్ జిల్లా వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

డిసెంబర్ 3న ఫలితం. డిపాజిట్ పది వేలు దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి. మేము దాని దరిదాపుల్లోకి కూడా వెళ్లలేదు. రాష్ట్రం మొత్తం మీద 2,290 మంది పోటీ చేస్తే ఒక్క ఇండిపెండెంట్ కూడా గెలవలేదు.

నన్ను కుదిపింది ఓటమి కాదు. కొన్ని రోజులకు ఫారం 20, అంటే బూత్‌లవారీ లెక్క, చేతికి వచ్చింది. అక్క సొంత ఊళ్లో, శిఖం కాపాడిన ఊళ్లో, ఆమె మూడో స్థానంలో ఉంది. నేను ఆ కాగితం చూపించకుండా దాచుదామనుకున్నాను. ఆమే అడిగి తీసుకుంది. మరుసటి వారం ఊళ్లో ఒక ముసలవ్వ ఆమె చెయ్యి పట్టుకుని చెప్పింది: "నువ్వు గెలువవని అందరన్నరు బిడ్డా. ఓటు ఖరాబైతదని వాళ్లకేసిన. సర్పంచ్‌కు నిలబడు, నీకే ఏస్త." ఆ అవ్వ పేరు మా ముప్పై మంది ప్రపోజర్లలో ఉంది.

ఓటు ఖరాబవుతుందనే భయం ఆ అవ్వది మాత్రమే కాదు. ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లే గెలిచే పద్ధతి ఆ భయాన్ని పుట్టిస్తుంది. 2023లో కాంగ్రెస్‌కు 39 శాతం పైచిలుకు ఓట్లతో 64 సీట్లు, బీఆర్ఎస్‌కు 37 శాతం పైచిలుకుతో 39 సీట్లు వచ్చాయి. వందకు పైగా సీట్లలో పోటీ చేసిన బీఎస్పీకి ఒక్కటీ రాలేదు. ఇదే వరంగల్ నేల మీద ఇంకో పద్ధతిలో జనం ఎలా ఓటేశారో నేను దగ్గరగా చూశాను. 2021 మార్చిలో వరంగల్, ఖమ్మం, నల్గొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక. 71 మంది అభ్యర్థులు, బ్యాలెట్ మీద గుర్తులు ఉండవు, ఓటరు ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్యం అంకెలు వేయాలి. కౌంటింగ్ రోజుల తరబడి సాగింది. అధికార పార్టీ అభ్యర్థి పల్లా రాజేశ్వర్‌రెడ్డి గెలిచారు. కానీ రెండో స్థానంలో ఇండిపెండెంట్ తీన్మార్ మల్లన్న, మూడో స్థానంలో చిన్న పార్టీ పెట్టిన కోదండరామ్ నిలిచారు. రెండు జాతీయ పార్టీలూ వాళ్ల వెనకే. చదువుకున్న ఓటర్లు కాబట్టి అలా వేశారని కొందరంటారు. నా అభిప్రాయం వేరు. మొదటి అంకె మనసుకు నచ్చినవాళ్లకు వేసి, రెండో అంకె గెలిచేవాళ్లకు వేసే వీలుంటే, మా ముసలవ్వకు కూడా ఓటు ఖరాబవుతుందనే దిగులు ఉండదు. ఆమెకు అంకెలు వేయడం రాదని అనుకునేవాళ్లు ఆమె సంఘం పొదుపు పుస్తకం చూడాలి.

గెలిచినా చిన్న పార్టీ నిలవడం ఇంకో కష్టం. నర్సంపేట నుంచి చిన్న వామపక్ష పార్టీ ఎంసీపీఐ నాయకుడు మద్దికాయల ఓంకార్ పలుమార్లు గెలిచిన కాలం ఉంది. అదే నర్సంపేటలో 2014లో దొంతి మాధవరెడ్డి ఇండిపెండెంట్‌గా గెలిచారు, తర్వాతి ఎన్నికలకు కాంగ్రెస్ అభ్యర్థి అయ్యారు. 2014లో సిర్పూర్, నిర్మల్‌లలో బీఎస్పీ తరఫున గెలిచిన ఇద్దరూ టీఆర్ఎస్‌లో కలిశారు. ఇద్దరున్న పార్టీలో ఇద్దరూ వెళ్తే ఫిరాయింపుల నిరోధానికి రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూల్ దాన్ని విలీనం అంటుంది, ఫిరాయింపు కాదు. 2018లో రామగుండంలో ఫార్వర్డ్ బ్లాక్ గుర్తు మీద గెలిచిన ఎమ్మెల్యే కూడా అదే దారిన వెళ్లారు. అదే ఏడు కోదండరామ్ పార్టీ అగ్గిపెట్టె గుర్తుతో పొత్తులో వర్ధన్నపేటలో నిలబడి 99 వేల పైచిలుకు తేడాతో ఓడింది. 2023లో అసలు పోటీయే చేయకుండా కాంగ్రెస్‌కు మద్దతిచ్చింది. వాళ్ల ఇబ్బందులు నాకు తెలుసు కాబట్టి తప్పుపట్టలేను. కానీ ఓటరు చూసేది ఇదే: చిన్న జెండాకు వేసిన ఓటు చివరికి పెద్ద జెండా కిందికే చేరుతుంది. "మరి ముందే వాళ్లకేస్తే ఏమైతది?" అని ప్రచారంలో ఒక రైతు అడిగితే నా దగ్గర మంచి జవాబు లేకపోయింది.

నా వైపు తప్పులు కూడా రాయాలి. అక్టోబర్‌లో మొదలుపెట్టడం పెద్ద తప్పు. మనుషులను ఏడాది ముందే బూత్‌లవారీగా కూడగట్టాలి, ఓటరు జాబితా సవరణ సమయంలోనే పని మొదలుపెట్టాలి. నియోజకవర్గం మొత్తం తిరగాలనుకోవడం ఇంకో తప్పు. పదమూడు రోజుల్లో 270 కేంద్రాల పరిధి తిరిగితే ఎక్కడా ఆగి మాట్లాడలేం. ఎనభై ఊళ్లు పట్టుకుని ఉంటే సొంత ఊళ్లో మూడో స్థానం వచ్చేది కాదేమో. డమ్మీ అనే అనుమానానికి జవాబుగా, అక్కకు ఎవరెవరు ఎంత ఇచ్చారో రోజూ ఊరి చావడి గోడ మీద రాయాలన్న ఆలోచన నాకు ఆలస్యంగా వచ్చింది. చివరి నాలుగు రోజులు రాశాం. ఆ ఊళ్లలో ఆ ప్రశ్న ఆగిపోయింది.

లెక్కలు

ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లో అభ్యర్థి ఖర్చుల లెక్క ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత వేయొచ్చు. మా గడువు 2024 జనవరి 2. అక్క టీ బిల్లులు కూడా తేదీల వారీగా కుట్టి తెచ్చింది. ప్రచారంలో పరిశీలకుల ముందు మూడుసార్లు లెక్క చూపించాం, రిజిస్టర్‌లో ఒక్క తేడా రాలేదు. ఫైలు ఇచ్చి రసీదు తీసుకున్నాం.

మెట్లు దిగుతూ అక్క అడిగింది, "మరి పార్టీలోళ్లు వాళ్ల పార్టీ ఖర్చు ఎవరికి చెప్తరు తమ్మీ?"

"ఢిల్లీలో ఎన్నికల సంఘానికి పంపిస్తారక్కా. డెబ్బై అయిదు రోజుల టైముంటుంది."

"లిమిట్ దాటితే?"

"లిమిట్ లేదు."

"ఇయ్యకపోతే? మూడేండ్లు నిలబడనియ్యరా?"

"పార్టీకి ఆ శిక్ష లేదక్కా."

ఆమె ఇంకేమీ అనలేదు. కింద జిరాక్స్ షాపులో రసీదుకు రెండు కాపీలు తీయించి ఒకటి నాకిచ్చింది. బ్యాగులోంచి రెండు వందల పేజీల నోటుబుక్కు తీసి, మొదటి పేజీలో పోలింగ్ కేంద్రాల నంబర్లు వరసగా రాయడం మొదలుపెట్టింది. ఒక్కో నంబరు ఎదురుగా ఏజెంట్‌గా కూర్చునే ఇద్దరి పేర్లకు ఖాళీ వదిలింది. పోయిన నెల కోర్టుకు వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు చూశాను. నూట నలభై కేంద్రాల ఎదురుగా పేర్లు నిండి ఉన్నాయి.